చప్పుడు లేకుండా పైకెక్కిన పాట

మా మనవరాలి రాక్ బ్యాండు పాట దేశం మొత్తం మీద మొదటి స్థానంలో నిలిచింది.

ఈ మాట నేను ఖరగ్‌పూర్ గోలేబజారు టీ కొట్టులో చెప్పాను. పెన్షను కోసం బ్యాంకుకు వెళ్ళినప్పుడు వరుసలో నా ముందున్నాయనకీ, వెనకున్నావిడకీ చెప్పాను. గుళ్ళో పులిహోర పెడుతున్న పూజారిగారికి చెబితే ఆయన గరిటె గాల్లో ఆపి "దేశమంతటానా?" అన్నారు. "నేపాల్‌ని కూడా కలుపుకుని" అన్నాను. నా ఆకులో ఇంకో గరిటెడు పడింది.

కాగితం మీద పెడుతున్నాను కాబట్టి ఇక నిజం రాయాలి. మొదటి స్థానం కాదు, తొంభై ఆరు. అదీ అన్ని పాటల్లో కాదు. ఫోనులో పాటలు వినిపించే ఒక కంపెనీ ప్రతి శుక్రవారం రాక్ పాటలకు మాత్రమే వేసే జాతీయ చార్టులో. ఆ చార్టులో ఉండేవే వంద పాటలు. నేను దాన్ని కింది నుంచి చదివాను. అలా చదివితే మనది ఐదోది. ఐదు ఎక్కడ, ఒకటి ఎక్కడ, ఎంత దూరం చెప్పండి.

బ్యాండు అంటే ముగ్గురే. మా అబ్బాయి కూతురు పాట రాసి పాడుతుంది. పొద్దున పూట ఒక చిన్న బడిలో పిల్లలకు లెక్కలు చెబుతుంది. డ్రమ్ములు వాయించేది నిమ్‌పురా రైల్వే యార్డు పక్క నుంచి వచ్చే తెలుగు కుర్రాడు. వాళ్ళ నాన్న అక్కడి షెడ్డులోనే పనిచేసి రిటైరయ్యాడు. వీడు విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో ఒక ఫ్యాక్టరీకి వెళతాడు. గిటారు ఊళ్ళోనే ఇందా అనే పేటలో ఉండే బెంగాలీ అబ్బాయిది. పాటను రికార్డు చేయడం, కంప్యూటరులో చెక్కడం, దాన్ని లోకం మీదికి వదలడం, కంపెనీలతో ఉత్తరాలు నడపడం కూడా అతని పనే. నాలుగేళ్ళుగా ముగ్గురూ పూజా పందిళ్ళలోనూ పెళ్ళి విందుల్లోనూ వేరేవాళ్ళ పాటలు వాయిస్తూ వచ్చారు. ఇది వాళ్ళ సొంత పాట. మన ఖరగ్‌పూర్ తెలుగులో, మధ్యమధ్య బెంగాలీతో. సాధన ఆదివారాలు మా మేడ మీదే, కింద ఉండే నాకు డ్రమ్ముల చప్పుడే గాని మాటలు వినపడవు.

చార్టులో పేరు కనిపించిన సాయంత్రమే మేడ మీద వాళ్ళొక ఒప్పందం చేసుకున్నారు. డ్రమ్ముల కుర్రాడికి ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు పని ఇస్తామన్నారు. ఒప్పుకుంటే ఆదివారాలు కూడా పోతాయి. ఆదివారం లేకపోతే సాధన లేదు, సాధన లేకపోతే బ్యాండు లేదు. నెలాఖరుకు జవాబు చెప్పాలి. అందుకని నెలలో చివరి శుక్రవారానికి పాట మొదటి యాభైలో ఉంటే అతను ఆ పని వద్దంటాడు, బ్యాండు నడుస్తుంది. లేకపోతే ముగ్గురూ చేతులు కలుపుకుని ఎవరి దారిన వాళ్ళు. మా మనవరాలు సరేనంది. గొంతు మామూలుగానే పెట్టింది గాని, ఆ తర్వాత పావుగంట ఒకే తీగను శృతి చేస్తూ కూర్చుంది. నేను బట్టలు తీయడానికి పైకి వెళ్ళి ఇదంతా విన్నాను. బట్టలు అప్పటికి ఆరలేదు.

మూడు శుక్రవారాలు చేతిలో ఉన్నాయి.

ఒకప్పుడు రైల్వే వర్క్‌షాపులో టైమ్ ఆఫీసు మొత్తం నేనే నడిపాను. అంటే, అందులో గుమాస్తాని. ప్రతి కార్మికుడికీ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఒకటి ఉండేది. లోపలికి వచ్చేటప్పుడు బోర్డు మీంచి తీసుకోవాలి, పోయేటప్పుడు తిరిగి ఇవ్వాలి. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు, ఎవరు రాకుండానే వచ్చారు అన్నది చూడడం నా పని. ఆ ఉద్యోగం నాకు ఒక్కటే నేర్పింది. ఎంత పెద్ద పనైనా షిఫ్టులుగా కోస్తే అయిపోతుంది.

పాట అరనిమిషం దాటి మోగితే ఒకసారి విన్నట్టు లెక్క అని మనవరాలే ఎప్పుడో అన్నది. మర్నాడు గుడి పక్కనున్న పేపర్లు చదివే గదిలో పెన్షనర్లను కూడగట్టాను. నాతో కలిపి పదకొండు మందిమి. వాళ్ళలో ఇద్దరి గురించి చెబితే చాలు. ఒకడు గూడ్సు బండి గార్డుగా చేసి దిగిన నా మిత్రుడు, వరసకు బావ. రెండో ఆవిడ రైల్వే బళ్ళో తెలుగు చెప్పిన పంతులమ్మగారు. ఆవిడ ముందు మేమందరం ఇప్పటికీ కాళ్ళు దగ్గరగా పెట్టుకునే కూర్చుంటాం.

"మనవేటి సెయ్యాల?" అన్నాడు గార్డు బావ.

"ఏటీ సెయ్యక్కర్నేదు. పోను బల్ల మీద ఎట్టి పాట నొక్కి కూకోడవే. అయిపోతే మల్లీ నొక్కాల."

"దానికి నానెందుకు? దానంతటదే తిరిగీ మీట ఉంతాది గదా."

"అలగ తిప్పితే మిసను అనుకుంతాడు కంపినీవోడు. మనిసి నొక్కినట్టుండాల. అందుకే నివ్వు."

"అయితే నన్ను మనిసి కింద జమ కట్టినావన్నమాట. ఇన్నాళ్ళకి!" అన్నాడు బావ.

మొదటి రోజు ఐదు ఫోన్లు ఒక్కో క్షణం తేడాతో ఒకే పాట అందుకున్నాయి. ఐదు డ్రమ్ములు ఐదు దిక్కులకు పరుగెత్తాయి. పూజారిగారు మడిబట్టతోనే పరుగున వచ్చారు. పంతులమ్మగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"పాట సంగతి తర్వాత. నన్ను ముందు పేపరు చదవనివ్వండి. అందరూ చప్పుడు తీసేయండి."

తీసేశాం. ఆ క్షణం నుంచి అన్ని ఫోన్లలో వాల్యూము సున్నా.

షిఫ్టులు నేనే వేశాను. ఆరు నుంచి రెండు, రెండు నుంచి పది. రాత్రి షిఫ్టు కూడా వేశాను గాని సుగరు, బీపీ, ప్రోస్టేటు అన్నీ కలిసి దాన్ని రద్దు చేయించాయి. గుడి వాకిలి ఆరింటికి తెరిచి పదింటికి మూస్తారు కాబట్టి అదీ కలిసొచ్చింది. మధ్యాహ్నం రెండింటికి పది నిమిషాలు ఫోన్లన్నీ ఆపి, దిగేవాళ్ళు సంతకం పెట్టాలి, ఎక్కేవాళ్ళు సంతకం పెట్టాలి. రిజిస్టరు నేను తెచ్చాను. చివర్న రిమార్కుల గడి పంతులమ్మగారిది. "రక్తపోటు మాత్ర నిమిత్తము మూడు నిమిషములు ఆలస్యము" అని ఎర్ర సిరాతో రాసేవారు. ఎనభై ఏళ్ళ కార్పెంటరు ఒకాయన ఆ ఎర్ర సిరాకు భయపడి, మనవడి పుట్టినరోజు నాడు కూడా ఐదూ యాభైకే వచ్చి గుడి మెట్ల మీద కూర్చున్నాడు. నౌకరీలో ఉన్నప్పుడు ఆయన టైముకు వచ్చిన రోజు ఒక్కటి నాకు గుర్తులేదు.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పిల్లలకు అసలు చెప్పలేదు.

మొదటి శుక్రవారం మా మనవరాలు మెట్లు రెండేసి దూకుతూ కిందికి వచ్చింది.

"తాతా, డెబ్బై ఒకటి!"

"ఏటి డెబ్బై ఒకటి?" అన్నాను. అమాయకుడి వేషం నాకు బాగా కుదురుతుంది.

రెండో శుక్రవారం నలభై మూడు. ఆ పిల్ల ఈసారి దూకలేదు. నెమ్మదిగా దిగి వచ్చి, వంటింటి గడప మీద కూర్చుని, ఫోను మా ఆవిడ ఒళ్ళో పెట్టింది. మా ఆవిడకు అంకె అర్థమైంది, మిగతాది కాలేదు. "నలభై మూడయితే మంచిదేనేటే?" అంది. ఇందా అబ్బాయి సందేశ్ మిఠాయి పొట్లం పట్టుకొచ్చాడు. డ్రమ్ముల కుర్రాడు ఫ్యాక్టరీ బట్టల్లోనే వచ్చి "ఇంకొక్క వారం నిలబడితే సాలు, ఆళ్ళకి కాదని సెప్పీడవే" అన్నాడు. నేను రెండు సందేశ్‌లు తిన్నాను. ఒకటి నా వాటాకి, ఇంకోటి నా కష్టానికి.

తర్వాతి మంగళవారం పాట చార్టులో లేదు. కింద లేదు, పైన లేదు, ఎక్కడా లేదు.

కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. ఇంగ్లీషులో ఉంది, నేను తర్వాత చదివాను. దాని సారం ఇది. ఈ పాటను ఒకే చోటు నుంచి రోజూ సరిగ్గా ఆరింటికి మొదలుపెడుతున్నారు. రెండింటికి పది నిమిషాలు ఆపుతున్నారు. పదింటికి ఆపేస్తున్నారు. రెండు వారాలుగా ఒక్క రోజు కూడా తేడా లేదు. మనుషులు ఇలా వినరు. కాబట్టి ఇది యంత్రాల పని అని మేము భావిస్తున్నాం. పాటను చార్టు నుంచి తప్పిస్తున్నాం. మీ వివరణ ఇవ్వండి.

సిగ్గు లేకుండా ఒక మాట ఒప్పుకుంటాను. చదివినప్పుడు ముందు నాకు గర్వం కలిగింది. సర్వీసు మొత్తంలో మా వాళ్ళ సమయపాలన గురించి ఇంత గొప్పగా ఎవరూ రాయలేదు.

కాని అదే సాయంత్రం మేడ మీద గొడవ జరిగింది. నేను మెట్ల మలుపులో నిలబడ్డాను.

"ప్లేలు నివ్వే కొన్నావు" అంటున్నాడు డ్రమ్ముల కుర్రాడు. "ఆయాల నివ్వే అన్నావు గదా, కోల్‌కతాలో ఎవడో ఉన్నాడు, డబ్బులిత్తే పాటలు మోగించి పెడతాడు అని."

"జోక్ జేసినా దాదా! జోక్!" ఇందా అబ్బాయి తెలుగు అలాగే ఉంటుంది, సగం దారిలో బెంగాలీ ఎక్కుతుంది. "మాయేర్ దిబ్బి, నాను కొన్లేదు." తల్లి మీద ఒట్టు అది. వాళ్ళింట్లో ఆ ఒట్టు ఊరికే వేయరు.

"మరెవడు కొన్నాడు? మా అమ్మా? కంపినీతో రాతలు నడిపేది నివ్వొక్కడివే."

ఇందా అబ్బాయి మా మనవరాలి వైపు తిరిగినట్టున్నాడు. "తుమీ? నువ్ గూడా అదే అనుకుంటున్నావా?"

ఆ పిల్ల "లేదు" అంది. కాని ఒక్క క్షణం ఆలస్యంగా అంది. పాటలో తాళం తప్పితే ఎలా తెలుస్తుందో అలా తెలిసింది, నాకు కూడా.

అతను గిటారు సంచిలో పెట్టుకున్నాడు. ఆ బరువైన ఆంప్లిఫయరు ఒక్కడే ఎత్తుకుని మెట్లు దిగాడు. మలుపులో నేనున్నాను. మొహం చెమటతో, ఇంకా దేనితోనో తడిసి ఉంది. "దాదూ, కొంచెం జరగండి" అన్నాడు.

నేను జరిగాను.

ఈ రాతలో ఎన్నో చోట్ల పెంచి రాశాను, తర్వాత దిద్దుకున్నాను. ఈ ఒక్క వాక్యాన్ని పెంచడానికీ తగ్గించడానికీ ఏమీ లేదు. అక్కడే నిలబడి "బాబూ, ఆగు, అది మేము" అంటే సరిపోయేది. అనలేదు. పక్కకు జరిగి గోడకు ఆనుకున్నాను.

మర్నాడు షిఫ్టులు ఆపించాను. "కంపినీవోడికి మనం మిసన్లలాగ కనిపించినావా?" అన్నాడు గార్డు బావ. "మా ఆవిడకి సెప్పాల. ఆవిడైతే రాయి అంతాది." పంతులమ్మగారు మాత్రం నవ్వలేదు. "పిల్లలకు చెప్పారా?" అని అడిగారు. "ఆఁ, చెప్పాను" అన్నాను. ఆవిడ నా వైపు చూసిన చూపులో ఎర్ర సిరా ఉంది.

గురువారం పొద్దున మా ఆవిడకు నా చొక్కాల కింద రిజిస్టరు దొరికింది. చదువు పెద్దగా రాదు గాని సంతకాలు గుర్తుపడుతుంది. అన్నీ మా వీధి వాళ్ళవే.

"ఇదేటండీ?"

"గుడి కమిటీ లెక్కలు."

"గుడి కమిటీలో పాట పేరెందుకుంతాది? ఆ గుంట రొండ్రోజులై కంచం ముందు కూకుని లెగిసిపోతంది. మీరు సెప్తారా, నన్ను సెప్పమంతారా?"

మేడెక్కాను. మనవరాలు నీళ్ళ ట్యాంకు నీడలో కూర్చుని ఉంది. డ్రమ్ముల మీద దుప్పటి కప్పి ఉంది, ఎవరో పడుకున్నట్టు. నేను ముందు కొంచెం తగ్గించి చెప్పాను. పెంచడం వచ్చినవాడికి తగ్గించడం కష్టం కాదు. ఇద్దరు ముగ్గురు ముసలాళ్ళం, సరదాకి, ఓ గంటసేపు అన్నాను. ఆ పిల్ల నా మొహంలోకే చూసింది. అప్పుడు రిజిస్టరు చేతిలో పెట్టి మొత్తం చెప్పాను.

పేజీ పేజీ తిప్పింది. రిమార్కుల గడి దగ్గర ఒకసారి పెదవి కదిలింది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"రెండు వారాలు. పదకొండు మంది. రోజల్లా ఇదే పాట."

"అవునమ్మా."

"బాగుందా తాతా, పాట?"

"బెమ్మాండం."

"రెండో చరణం ఏటి?"

నేను నీళ్ళ ట్యాంకు వైపు చూశాను. దాని మీద ఏమీ రాసి లేదు.

"సౌండు పెట్టుకోనేదమ్మా" అన్నాను.

"ఒక్కలూ?"

"ఒక్కలూ."

రిజిస్టరు మూసి పక్కన పెట్టింది. అరుస్తుందనుకుని సిద్ధపడి ఉన్నాను. అరిస్తే బాగుండేది.

"చార్టు పోతే పోనీ తాతా. అంతమంది కూకుని ఒక్కసారి కూడా ఇన్నేదా? నివ్వు కూడానా?" అంది. మళ్ళీ తనే అంది. "గిటారోడు నా పోను ఎత్తట్లేదు. నివ్వే ఎల్లాల. ఆడు రాపోతే ఇంక ఇది లేదు."

ఇందాకు బ్యాటరీతో నడిచే టోటో రిక్షాలో బయల్దేరాను. ఒక్కణ్ణే, ధైర్యంగా వెళ్ళానని రాయాలనుంది. ఎడమ పక్కన గార్డు బావ, ఎదురుగా పంతులమ్మగారు ఉన్నారు. ఏ విచారణలోనైనా గార్డు వాంగ్మూలం లేకపోతే చెల్లదని బావ పట్టుబట్టాడు. పంతులమ్మగారు ఏ కారణమూ చెప్పలేదు, గొడుగు పట్టుకుని వచ్చి కూర్చున్నారు. ఇందా బజారులో బస్సు ఒకటి అడ్డంగా ఆగి పది నిమిషాలు కదలలేదు. ఆ బస్సు ఇంకాసేపు అలాగే ఉంటే బాగుండునని నేను మనసులో కోరుకున్నాను.

తలుపు ఆ అబ్బాయి తల్లి తీసింది. చేతికి పిండి అంటి ఉంది. మమ్మల్ని ముగ్గురినీ చూసి చీర కొంగు సర్దుకుని, హిందీలో అంది, మాకు బాగా అర్థం కావాలని.

"కాకూ, మా వాడు దొంగ అని చెప్పడానికి ఇంతమంది రావాలా?"

నా బెంగాలీ అమోఘమని ఊళ్ళో అందరికీ చెప్పుకుంటాను. నిజానికి అది వంకాయల బేరం దాకా వస్తుంది. పంతులమ్మగారు నా తరఫున మాట్లాడడానికి నోరు తెరిచారు. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"చోర్ ఆమి, మా" అన్నాను. "ఓ నొయ్." దొంగను నేనమ్మా, వాడు కాదు. నాకు వచ్చిన బెంగాలీ అంతటితో అయిపోయింది. మిగతాది హిందీలో, తెలుగులో, చేతులతో చెప్పాను.

ఆ అబ్బాయి లోపలి గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. రిజిస్టరు అందించాను. తిప్పి చూశాడు. అంతా తెలుగు లిపి, అతనికి ఒక్క అక్షరం రాదు. పంతులమ్మగారు కళ్ళజోడు పెట్టుకుని, రిజిస్టరు తీసుకుని, బెంగాలీలోకి మార్చుతూ పైకి చదవసాగారు. తేదీ, షిఫ్టు, పేర్లు. రిమార్కులు కూడా వదల్లేదు.

"మధ్యాహ్నపు షిఫ్టు. ఒకరు బల్లపై తల ఆనించి నిద్రించుట గమనించబడినది. మందలించబడినది."

"అది నానే" అన్నాడు బావ, చెయ్యెత్తి.

"ఉదయపు షిఫ్టు. ఒకరు పాటకు బదులు తమ కుమార్తెకు ఫోను కలిపి, ఆమె మాట్లాడుచుండగా మరల మరల నొక్కుట జరిగినది."

ముందుగా తల్లి నవ్వింది. పిండి చేతిని నోటికి అడ్డం పెట్టుకుంది, పిండి ముక్కుకు అంటింది. అబ్బాయి మాత్రం నవ్వలేదు. రిజిస్టరు చదవడం అయ్యేదాకా ఆగి నన్ను అడిగాడు.

"దాదూ, ఆ దినం మెట్ల కాడ... మీకు తెలుసా అప్పుడు?"

"తెలుసు."

"తెలిసే జరిగారా?"

"తెలిసే జరిగాను."

అతను కిందికి చూశాడు. గార్డు బావ ఏదో సర్దిచెప్పబోతే పంతులమ్మగారు గొడుగు కొసతో అతని కాలు పొడిచారు. క్షమించాను అన్న మాట అతను అనలేదు. అననందుకు నాకు అతని మీద గౌరవం పెరిగింది. వెనక్కి తిరిగి, మూల గోడకు ఆనించి ఉన్న ఆంప్లిఫయరు మీట వేశాడు.

"కూర్చోండి. పాట వినకుండా ఎవరూ ఇక్కడ నుంచి వెళ్ళకూడదు" అన్నాడు బెంగాలీలో. ఆ మాత్రం నాకు అర్థమైంది.

విన్నాం. మొదట డ్రమ్ములు. యార్డులో వ్యాగన్లు ఒకదాని వెనక ఒకటి వచ్చి గుద్దుకుంటే ఎలా ఉంటుందో అలా. నిమ్‌పురాలో పెరిగిన కుర్రాడి చేతికి ఇంకే తాళం వస్తుంది? తర్వాత గిటారు. తర్వాత మా పిల్ల గొంతు. రోజూ ఇంట్లో "తాతా, నా చెప్పులేవి" అని అరిచే గొంతే, కాని ఎక్కడో ఎత్తున నిలబడి అరుస్తోంది.

రెండో చరణం వచ్చింది. వర్క్‌షాపు గేటు తెరుచుకుంటుంది. సైకిళ్ళు వరదలా వస్తాయి. అందరివీ ఒకే రంగు చొక్కాలు. ఒక పిల్ల కాలువ గట్టు మీద కూర్చుని తన మనిషి కోసం వెతుకుతుంది. ఈయన కాదు, ఈయన కాదు, ఈయనా కాదు. సైకిళ్ళు అయిపోతాయి, దుమ్ము అణుగుతుంది, కాపలావాడు గేటు మూయబోతాడు. అప్పుడు ఒక్కడు వస్తాడు, అందరి బిళ్ళలూ లెక్కపెట్టి వచ్చేవాడు గనక అందరికన్నా ఆఖరున.

గార్డు బావ నా తొడ మీద చెయ్యి వేశాడు. "బావా, నివ్వే."

"ఊరుకో" అన్నాను.

నేను రిటైరయ్యేనాటికి ఆ పిల్లకు ఎనిమిదేళ్ళు. అలా వచ్చి కూర్చునేది, నిజమే. బిస్కెట్టు కోసం వస్తోందనుకునేవాణ్ణి.

పాట ఆగాక బావ గొంతు సవరించుకున్నాడు. "పాట బాగుంది. డ్రమ్ములోడికే బ్రేకు పట్టడం రాదు." పంతులమ్మగారు అతని మాట పట్టించుకోకుండా "మళ్ళీ పెట్టు నాయనా" అన్నారు. మూడుసార్లు విన్నాం. మూడోసారి ఆ తల్లి మాకు చా, మరమరాలు పెట్టింది. పాటలోని బెంగాలీ ముక్క వచ్చినప్పుడు ఆవిడ కూడా సన్నగా పాడింది.

తిరుగు టోటోలో మేం ముగ్గురం, అతను, ఆంప్లిఫయరు. అది నా ఒళ్ళో ఉంది. ఇందా నుంచి ఇంటి దాకా దాన్ని నేనే మోశానని రాస్తున్నాను, ఇది పెంచిన మాట కాదు. రెండు రోజులు తొడలు నొప్పెట్టాయి.

డ్రమ్ముల కుర్రాడు ఫ్యాక్టరీ నుంచి నేరుగా వచ్చాడు. మెట్ల కింద అతనికి నేను సంగతి చెప్పాను. పైకి వెళ్ళి ఇందా అబ్బాయి ముందు నిలబడి, చేతిలోని హెల్మెట్టును అటూ ఇటూ తిప్పాడు.

"తప్పయిపోనాది" అన్నాడు చివరికి. "నాను అనకుండా ఉండాల్సింది."

"నువ్ అనకపోతే నాను అనేవాడిని, నీ మీద" అన్నాడు ఇందా అబ్బాయి. "ఈ దాదూ మీద ఎవరికి డౌటొస్తది?"

మా మనవరాలు ఇద్దరి మధ్యకూ వచ్చి "ఆ రోజు నానూ గబాల్న సెప్పనేదు" అంది అతనితో. అతను తలూపాడు. అంతే. ముగ్గురూ కూర్చుని కంపెనీకి వివరణ రాశారు. రిజిస్టరు పేజీలు ఫోటోలు తీసి జత చేశారు. మర్నాడు మా పదకొండు మందినీ గుడి మెట్ల మీద ఫోన్లతో నిలబెట్టి ఒక ఫోటో తీసి అదీ పంపారు, యంత్రాలు కావని తెలియడానికి. కార్పెంటరు కోటు వేసుకొచ్చాడు.

ఆ శుక్రవారం చార్టులో పాట లేదు. అదే ఆఖరి శుక్రవారం. సోమవారం ఫ్యాక్టరీలో జవాబు చెప్పాలి.

ఆదివారం మధ్యాహ్నం ముగ్గురూ మేడ మీదే ఉన్నారు. బావ, నేను నీడలో ఒక పక్కన కూర్చున్నాం, మాట్లాడకూడదన్న షరతు మీద. కంపెనీ నుంచి జవాబు వచ్చింది. డ్రమ్ముల కుర్రాడే పైకి చదివాడు, ఆగి ఆగి, తెలుగులో చెబుతూ. మీ పెద్దల ఫోటో మా ఆఫీసులో అందరం చూశాం అని రాశారు. గుడి గది నుంచి మోగినవన్నీ తీసేశారు. మిగిలినవాటిలో తప్పేమీ లేదు, వచ్చే వారం నుంచి పాటను మళ్ళీ లెక్కలోకి తీసుకుంటారు. చివర్న ఇంకో ముక్క ఉంది. పెద్దల వంతు తీసేసి చూస్తే, నలభై మూడులో కనిపించిన ఆ వారం పాట అరవై రెండులో ఉండాల్సిందట.

"అరవై రెండు" అన్నాడు అతను మళ్ళీ.

రెండు వారాలు, రెండు షిఫ్టులు, పదకొండు మంది, ఎర్ర సిరా. అన్నీ కలిపి మేం ఎక్కించింది పంతొమ్మిది మెట్లు. తొంభై ఆరు నుంచి అక్కడి దాకా పాట తన కాళ్ళ మీదే ఎక్కింది. నాకు కొంచెం అవమానంగానే అనిపించింది.

ఇందా అబ్బాయి తన ఫోనులో ఏ ఊళ్ళల్లో విన్నారో చూపించాడు. విశాఖపట్నం, టాటానగర్, సిలిగురి, బిలాస్‌పూర్.

"బిలాస్‌పూర్‌లో మన పాట ఎవలింతారు?" అంది మా మనవరాలు.

"బిలాస్‌పూర్లో మనోలు బోల్డుమంది" అన్నాడు బావ షరతు మరిచిపోయి. "రైల్వే ఉన్న కాడల్లా ఉంతారు."

ఎవరూ అతన్ని కసరలేదు. మా పిల్ల ఫోను వెనక్కిచ్చి, డ్రమ్ముల కుర్రాడి వైపు సూటిగా చూసింది. "యాబై అనుకున్నాం గదా. అరవై రెండు యాబై కాదు. రేపు నివ్వు ఒప్పీసుకున్నా నానేటీ అనుకోను."

ఆ మాట అనడానికి ఆ పిల్లకు ఎంత పట్టిందో నాకు తెలుసు. అతను డ్రమ్ము పుల్లలు రెండూ మోకాలి మీద దొర్లించాడు.

"యాబై మనం అనుకున్నది" అన్నాడు. "అరవై రెండు ఆళ్ళు ఇన్నది. ఆళ్ళెవలో నాకు తెల్దు, నా మొకం ఆళ్ళకి తెల్దు. అయినా ఇన్నారు." లేచి డ్రమ్ముల మీది దుప్పటి లాగేశాడు. "ఆదివారం డ్యూటీ నాకొద్దని రేపు సెప్పెస్తాను. ఇంకో పాటుందా?"

మా మనవరాలు వెళ్ళి పిట్టగోడ దగ్గర మాకు వీపు పెట్టి నిలబడింది. తర్వాత మొహం తుడుచుకుని వచ్చి, సంచిలోంచి నోటుబుక్కు తీసింది. ఇందా అబ్బాయి తీగ గుచ్చాడు. ఆంప్లిఫయరు ఒకసారి గుర్రుమంది.

కింద నుంచి మా ఆవిడ అన్నానికి రమ్మని మూడుసార్లు కేకేసింది. నాలుగోసారి తనే కంచాలు పట్టుకుని పైకి వచ్చి, వాళ్ళను చూసి, కంచాలు మెట్టు మీద పెట్టి నా పక్కన కూర్చుంది. పప్పు చల్లారిపోయింది.